బుల్లెట్టు అమ్మబడును: ధూమప్రకాశికా వ్యాఖ్యతో

అవతారిక

ముప్పై రెండేళ్లు బడిలో తెలుగు చెప్పినవాడికి పింఛనుతో పాటు ఒక జబ్బు కూడా మిగులుతుంది. ఏ రాత కనబడినా టీక రాయాలనిపిస్తుంది. మందుల చీటీ అయినా, కరెంటు బిల్లయినా, రైలు స్టేషను బోర్డయినా సరే. మా స్టేషను సంగతే చూడండి. ఊరు ఆమదాలవలస, స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. దిగినవాడు శ్రీకాకుళం చూడాలంటే ఇంకా పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పోవాలి. అంటే ఆ పేరులో ‘రోడ్డు’ ఒక్కటే నిజం. రైల్వేవారి గుర్తు అక్షరాలు సీహెచ్‌ఈ. తెల్లదొరల నోట నలిగిన చికాకోలు తాలూకు శేషం అది. పేరు మారింది, అక్షరాలు మారలేదు. ఇలాంటి చోట పుట్టినవాడు టీకాకారుడు కాక ఏమవుతాడు?

ప్రస్తుత గ్రంథం తాళపత్రం కాదు, టేబుల్ ఫ్యాను వచ్చిన అట్టపెట్టె మూత. నల్ల స్కెచ్ పెన్నుతో నాలుగు పాదాలు. గ్రంథకర్తను నేనే. మొన్న రథసప్తమి నాడు, లోకమంతా సూర్యుడి బండికి దండం పెట్టుకునే పూట, మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసిన పావుగంటకి ఇది రచింపబడింది. పురికొసతో పంచలో ఉన్న బండి హ్యాండిలుకి కట్టాను. సాయంత్రం కాఫీ తాగుతూ పరాయివాడిలా చదువుకుంటే అందులో ఒక్క మాటా తిన్నగా లేదు.

కాళిదాసుకి టీక రాసిన కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకి బుల్లెట్టు లేదు. నేను రెండూ చేస్తాను. ఆయన వ్యాఖ్య సంజీవని. పొద్దున్నే ఈ బండి లేచినప్పుడు పంచ నిండా కమ్ముకునేదాన్ని బట్టి నా వ్యాఖ్యకి ‘ధూమప్రకాశిక’ అని పేరు పెట్టాను.

మూలం

పాత బుల్లెట్టు అమ్మబడును.
1984 మోడల్. ఒకే చేతి బండి.
రన్నింగ్ కండిషన్. కాగితాలు కలవు.
ధర మాట్లాడుకొనవచ్చును.

ప్రతిపదార్థం

పాత = ఇంట్లో అందరి చేతా ఆ మాట పడిన; బుల్లెట్టు = ఆ పేరు గల మోటారు సైకిలు; అమ్మబడును = (ఎవరి చేతనో) విక్రయింపబడును; 1984 మోడల్ = ఆ ఏట మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారైనట్టిది; ఒకే చేతి = ఒక్క యజమానుడు మాత్రమే వాడినట్టి; బండి = వాహనము; రన్నింగ్ కండిషన్ = పరుగెత్తు స్థితి (‘కలది’ అని అధ్యాహారము); కాగితాలు = రిజిస్ట్రేషను మున్నగు పత్రములు; కలవు = ఉన్నవి; ధర = మూల్యము; మాట్లాడుకొనవచ్చును = బేరమాడవచ్చును.

ఇంతవరకు పిల్లలు పరీక్షలో రాసేది. మార్కులకి ఇది చాలు. ఇక వ్యాఖ్య.

వ్యాఖ్య

పాత. విశేషణం. ఇక్కడ పాఠాంతరం ఉంది. ‘పాత అని రాయకండి నాన్నా, క్లాసిక్ అని రాయండి, రేటు వస్తుంది’ అని అబ్బాయి పాఠం. అది గ్రాహ్యం కాదు. కంపెనీవారు 2009 నుంచి కొత్త బళ్లకే క్లాసిక్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. కొత్తది క్లాసిక్ అయ్యాక పాతదానికి పాత అన్న మాటే మర్యాద. మా మెకానిక్ ‘ఇది కాస్ట్ ఐరన్ ఇంజను మాస్టారూ’ అంటాడు, ఇత్తడి గంగాళం గురించి చెప్పినట్టు. మా ఆవిడ ‘ఆ పాతది’ అంటుంది, నన్నో బండినో తెలియకుండా. ఒకే పదార్థానికి ముగ్గురు వక్తలు, మూడు అర్థాలు. మూలకారుడు ఏ అర్థంలో వాడాడో మూలకారుడికే తెలియదు.

బుల్లెట్టు. తుపాకిగుండు అని నిఘంటువు. రాయల్ ఎన్‌ఫీల్డ్ అనే ఇంగ్లండు కంపెనీకి తుపాకుల ఫ్యాక్టరీతో చుట్టరికం ఉంది. తుపాకిలా తయారైన బండి అనేది వాళ్ల బిరుదు. 1932లో ఒక మోడలుకి బుల్లెట్టు అని నామకరణం చేశారు. గుండుకి వేగం ధర్మం. మా బండికి ఆ ధర్మం లేదు. కనుక యోగార్థం విడిచి రూఢ్యర్థమే తీసుకోవాలి.

ఇది మన దేశం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1950ల మొదట్లో సరిహద్దు గస్తీకి మన సైన్యం 800 బుల్లెట్లు కావాలంది. ఆ గిరాకీ మీద 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మొదట్లో ముక్కలు తెప్పించి ఇక్కడ బిగించేవారు, తరవాత అన్నీ ఇక్కడే పోతపోశారు. ఇంగ్లండులో రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. మరో పదేళ్లకి తిరువొత్తియూరు నుంచి ఇంగ్లండుకే బళ్లు ఎగుమతి అయ్యాయి. పుట్టిల్లు ఖాళీ అయ్యాక కూతురే ఆ ఊరికి సారె పట్టుకెళ్లినట్టు.

ఇంజను 346 సీసీ, ఒక్కటే సిలిండరు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. అందుకే ఊపిరి నిదానం, పేలుడు పేలుడూ విడివిడిగా వినబడుతుంది. ఛందస్సులో చెప్పాలంటే అన్నీ గురువులే, లఘువు లేదు. ఈ కాలపు వంద సీసీ బండి అంతా లఘువులు. దాన్ని వినవచ్చు గాని గణవిభజన చెయ్యలేం.

అమ్మబడును. ఇదే గ్రంథానికి గుండెకాయ. ఇక్కడ కొంచెం ఆగాలి.

ధాతువు ‘అమ్ము’. ‘అమ్మన్’ అన్న రూపం మీద ‘పడు’ చేరింది. ద్రుతం పక్కన ఉంది కనుక పరుషం సరళమై ‘బడు’ అయింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది మొదలు పిల్లలు దీనికి దెబ్బలు తింటూనే ఉన్నారు. నేను వేసినవీ అందులో కలిపి లెక్కపెట్టాలి.

కర్మణి ప్రయోగంలో కర్త వెనక్కి పోయి ‘చేత’ తగిలించుకుని నిలబడతాడు. ఇష్టం లేకపోతే అసలు రానే రాడు. మూలంలో రాలేదు. కర్త లేకుండా వాక్యానికి ఆకాంక్ష తీరదు కాబట్టి టీకాకారుడు వెతికి తెచ్చి పెట్టాలి. వెతికాను.

‘అబ్బాయి చేత’ అందామా? వాడు ఫోనులో మొదట నా మోకాలి సంగతి ఎత్తాడు, తరవాత పంచలో చోటు లేదన్నాడు, చివర ‘అయినా మీ ఇష్టం నాన్నా’ అన్నాడు. ‘భార్య చేత’ అందామా? ఆవిడ నలభై ఏళ్లుగా నూనె మరకలు కడుగుతున్న మనిషి, ఆవిడకి హక్కుంది. కానీ అడిగితే ‘నన్ను కలపకండి, రేపు ఏ పెళ్లిలోనో బుల్లెట్టు కనబడితే నా మొహం చూస్తారు, మీ ఇష్టం’ అంది. పోనీ ‘నా చేత’ అందామంటే, రాసిన నేనే ఆ మాట రాయకుండా తప్పించుకున్నాను. ముగ్గురం ఇష్టాన్ని బంతిలా ఒకరి మీదికి ఒకరం విసురుకున్నాం. అది ఎవరి చేతిలోనూ ఆగక వెళ్లి అట్ట మీద పడింది. పడును గనక బడును.

మన సర్కారు తెలుగు అంతా ఈ ప్రయోగమే. గేటు మూసివేయబడును, నీటి సరఫరా నిలిపివేయబడును. మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ కూడా ఈ వ్యాకరణంలోనే మూతపడింది. ఎవరు మూశారని అడిగితే ఎవరూ మూయలేదు, అది మూయబడింది.

ఈ చోట సిగ్గుపడాల్సిన విషయం ఒకటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది మా జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. నోటితో ఒకటి మాట్లాడి చేత్తో ఇంకొకటి ఎందుకు రాస్తారని ఆయన జీవితమంతా దేశాన్ని నిలదీశారు. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, బడిలో నేనే నిలబడి వాడుక భాష గొప్పతనం మీద ఉపన్యాసం చెప్పేవాణ్ణి. అలాంటి నేను నా సొంత బండి దగ్గరకి వచ్చేసరికి ‘అమ్మబడును’ అని రాశాను. గ్రాంథికం చాటు చేసుకోవడానికి ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది.

మా అమ్మకి ఎనభై దాటాయి, కళ్లు ఆనవు. ‘సదివి సెప్పు నాయినా’ అంది. చదివాను.

‘ఎవులమ్ముతారు?’

‘ఎవరూ కాదమ్మా, అలా రాస్తారంతే.’

‘ఎవులూ అమ్మకపోతే మరి అదెలాగెల్తాది?’

పాణిని, చిన్నయసూరి కలిసి వచ్చినా దీనికి జవాబు లేదు.

శ్లేష. టీకాకారుడు పదాన్ని రెండుగా విరిచి చూడకుండా వదలడు. అమ్మ, పడును. తల్లి కింద పడును అని ఒక అర్థం. ఇది కల్పన కాదు, చరిత్ర. బండి కొన్న మరుసటేడు రథసప్తమికి నాన్న అమ్మని వెనక కూర్చోబెట్టుకుని అరసవల్లి తీసుకెళ్లాడు. దర్శనమైంది, తిరుగుదారిలో ఒక గతుకు దగ్గర అమ్మ పులిహోర పొట్లంతో సహా జారిపోయింది. నాన్నకి తెలియలేదు. కిలోమీటరు దూరం ఆవిడతో మాట్లాడుతూనే వచ్చాడట. జవాబు రాకపోవడం ఆయనకి వింత కాదు, బుల్లెట్టు మీద ఎవరి మాటా ఎవరికీ వినబడదు. వెనక్కి వెళ్లేసరికి అమ్మ తూము గట్టు మీద కూర్చుని పులిహోర తింటోంది. దెబ్బలేమీ తగల్లేదు. ఆ కిలోమీటరులో ఆయన ఏం చెప్పాడో ఇద్దరికీ గుర్తులేదు.

అమ్మ పడును అంటే తల్లి ఓర్చుకొనును అని రెండో అర్థం. దానికి ఉదాహరణలు రాస్తే గ్రంథవిస్తరం.

ఇదే ధాతువుకి వ్యతిరేకం ‘అమ్మను’. విక్రయించనని ఒకటి, తల్లినని ఇంకొకటి. పోతన భాగవతాన్ని రాజులకి అమ్మనన్నాడని కథ చెప్పుకుంటాం. ఆయనకి వ్యవసాయం ఉంది. పైగా భాగవతానికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను లేదు.

1984 మోడల్. నాన్న చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఫీల్డుమాన్. బూర్జ, సరుబుజ్జిలి, పొందూరు వైపు ఊళ్లన్నీ సైకిలు మీద తిరిగేవాడు. నాగావళి అవతలి తోటలకి వెళ్లివచ్చేసరికి చీకటి పడేది. ఆ జీతానికి బుల్లెట్టు ఎక్కువే. ఒక్క ఏడాది ఆగి ఉంటే 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చేది, అదే ఏడు యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చేది. ఒకటి పెట్రోలు తాగదు, ఒకటి నేల మీద ఆగదు. మా వీధిలో తెలివైనవాళ్లందరూ ఆగారు. నాన్న ఆగలేదు.

డబ్బు ఎక్కడిదంటే అమ్మ రెండు పేటల గొలుసు. ఈ బండి చరిత్ర మొత్తం మీద ఇంతవరకు అమ్మబడినది అదొక్కటే. ఆ సంగతి మొన్న అమ్మే కదిపింది.

‘మీ నాన్న గొలుసు పట్టుకెల్లినప్పుడు సెప్పే పట్టుకెల్లినాడు. అమ్మీత్తన్నానే అన్నాడు. బోర్డు కట్నేదు.’

ఇక్కడ కర్తరి ప్రయోగం గమనించాలి.

ఒకే చేతి బండి. సింగిల్ హ్యాండ్ అని బేరాల్లో అనేదానికి నా తెలుగు ఇది. బుల్లెట్టు ఒక చేత్తో నడవదు కనుక ముఖ్యార్థం బాధింపబడింది. లక్షణ చేత ‘చెయ్యి’ అంటే యజమాని. సరే. కానీ ఆ చెయ్యి ఎవరిది?

ముందు బండి ఎన్ని అవయవాలు అడుగుతుందో చూద్దాం. నాన్న పద్ధతి ఇది. పెట్రోలు ట్యాపు తిప్పాలి. తాళం తిప్పాలి. హెడ్‌లైటు నెత్తి మీద పాత వాచీ అంత అమ్మీటరు ఉంటుంది, కన్ను దాని మీద ఉంచాలి. కుడికాలితో కిక్కుని మెల్లగా, ఉయ్యాల ఊపినంత మెత్తగా దించుతుంటే ముల్లు ఎడమకి వాలి, ఒకచోట లేచి మధ్యలో నిలబడుతుంది. పిస్టను పైకొచ్చి కూర్చుందని దాని అర్థం. అప్పుడు ఎడమ పిడి దగ్గరున్న చిన్న లివరు పట్టుకోవాలి, దాని పేరు డీకంప్రెసరు. ‘చిస్’మని గాలి పోతుంది. కిక్కుని ఇంకొక్క రవ్వ జార్చి, లివరు వదిలి, కిక్కుని పైకి రానిచ్చి, ఒళ్లంతా బరువు వేసి ఒక్కటే తన్ను. లేస్తే ఇంట్లో గిన్నెలు కూడా లేస్తాయి. ముల్లు చూడకుండా తొందరపడితే కిక్కు ఎదురు తంతుంది. నా కుడి మోకాలి మీద అబ్బాయి మొదలుపెట్టిన వాదానికి ఆధారం అలాంటి తన్నే. కాబట్టి రెండు చేతులు, ఒక కాలు, ఒక కన్ను, కొంత ఓర్పు. ఒకే చెయ్యి అనడం అతివ్యాప్తో అవ్యాప్తో తేలదు, అబద్ధమని మాత్రం తేలింది.

ఈ బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉంటాయి. ఇప్పటి బళ్లకి తిరగేసి. అబ్బాయి ఒక సంక్రాంతికి వచ్చి మోజుపడి ఎక్కాడు. మలుపులో బ్రేకనుకుని కుడికాలు నొక్కాడు. ఈ బండికి మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. నొక్కినకొద్దీ పై గేరు పడింది. ఆపాలనుకున్నప్పుడల్లా ముందుకి పోయే వాహనం వాడు అదే చూడటం. గడ్డివాములో ఆగాడు. అప్పటినుంచి బండి అమ్మేద్దామనే పక్షానికి వాడు సూత్రకారుడు.

ఇక యజమాని అన్న అర్థం. నాన్న 2016లో పోయాడు. అంతవరకు ఆయన చెయ్యి. ఆదివారం ఆదివారం పాత పొందూరు ఖద్దరు పంచె ముక్కతో ట్యాంకు తుడిచేది ఆయనే. పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో దువ్వి వడుకుతారు, అంత మెత్తటి బట్ట. అది చిరిగాక నేను నా బనీను ముక్కతో తుడుస్తున్నాను. చేతులు రెండయ్యాయి. కొడుకు చెయ్యి తండ్రి చేతి కిందే జమ అని ధర్మశాస్త్రం ఒప్పుకుంటుందేమో, రవాణా శాఖ ఒప్పుకోదు. ఆ సంగతి ముందు వస్తుంది.

రన్నింగ్ కండిషన్. ఆంగ్ల సమాసం. వర్తమానార్థకం కాబట్టి బండి ఎప్పుడూ పరుగెత్తుతూ ఉండాలి. సిద్ధాంతం ఏమిటంటే వీధి చివర కిళ్లీకొట్టు దాకా వెళుతుంది, వస్తుంది. ట్యాంకు కుడివైపు సొట్ట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పంచ మీది రేకు లేచి పడిన చోటు. కొనేవాళ్లు దోషమంటారు, నేను అలంకారమంటాను. స్వభావోక్తి.

ఇప్పుడు పెట్రోలులో ఇరవై పాళ్లు ఇథనాలు కలుపుతున్నారు. 2023కి ముందు బళ్లు దీన్ని ఉద్దేశించి చేసినవి కావు. కార్బొరేటరులో రబ్బరు ముక్కలు ఉబ్బి కారుతున్నాయని మా మెకానిక్ తిడుతున్నాడు. ఆ ఇథనాలు దేనినుంచి వస్తుంది? బియ్యం, మొక్కజొన్న, చెరకు. నాన్న ముప్పై ఏళ్లు రైతుల వెంటబడి వేయించిన చెరకు. ఇక్కడ ఫ్యాక్టరీ పోయింది, చెరకు మాత్రం ఎక్కడెక్కడో తిరిగి ఆయన బండి ట్యాంకులోకే వచ్చింది, లోపల రబ్బరు తింటోంది. ఇలాంటి కల్పన ఏ ప్రబంధకవికీ తట్టలేదు.

ధర మాట్లాడుకొనవచ్చును. మూలంలో కాగితాల తరవాత వచ్చినా దీన్ని ముందు చెబుతున్నాను. పాఠక్రమం కంటే అర్థక్రమం బలమైనదని మీమాంసకులు.

నలుగురు వచ్చారు. ఒక కుర్రాడు సీటు కోసేసి, సైలెన్సరు మార్చి, నాలుగు ఊళ్లకి వినబడేలా చేస్తానన్నాడు. 2021లో బుల్లెట్టు బండి పాట పెళ్లి ఊరేగింపుల్లో మోగినప్పటినుంచి ఈ జాతి ఎక్కువైంది. హైవే మీద ధాబా పెట్టిన ఒకాయన గుమ్మంలో గొలుసు వేసి నిలబెడతానని, జనం ఫొటోలు దిగుతారని చెప్పాడు. పాత ఇనుము కొనేవాడు రిక్షా ఆపి, కళ్లతోనే తూచి, నూట అరవై కిలోలకి పైమాటే అని తేల్చాడు. ‘ఏటి మాస్టారూ, కాటా ఎట్టీమన్నారా?’ నలుగురిలో బండి బరువు తెలిసినవాడు అతనొక్కడే.

నాలుగో ఆయన విశాఖపట్నం నుంచి వచ్చాడు. ఇంట్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయట. వంగుని ఇంజను నంబరు, చట్రం నంబరు టార్చిలైటు వేసి చదువుకున్నాడు. ముల్లు చూసి కిక్కు కొట్టాడు. ఒక్క తన్నుకి లేచింది. నాకు కొంచెం కోపం వచ్చింది. మన ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల మొదటిసారి చూసినవాడి చంక ఎక్కితే ఎలా ఉంటుందో అలా ఉంది. ధర కూడా మర్యాదగా చెప్పాడు. తరవాత అడిగాడు: ‘ఆర్సీ ఎవరి పేరున ఉందండీ?’

కాగితాలు కలవు. ‘కలవు’ అన్నది ఉనికిని మాత్రమే చెబుతుంది, చెల్లుబాటుని చెప్పదు. మూలకారుడి గడుసుతనం ఇందులో ఉంది. కాగితాలు ఉన్న మాట నిజమే. నాన్న పేరున ఉన్నాయి. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు, ఆ తరవాత ఐదేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి. నాన్న చివరిసారి 2014లో చేయించాడు. 2019లో గడువు తీరింది. ఆ తరవాత బండి కిళ్లీకొట్టు దాటకపోవడానికి అదీ ఒక కారణం.

అమ్మాలంటే ఫారం 29, ఫారం 30. వాటి మీద అమ్మేవాడు సంతకం పెట్టాలి, అమ్మేవాడు యజమాని అయి ఉండాలి. యజమాని పోతే వారసుడు ముందు ఫారం 31తో తన పేరుకి మార్పించుకోవాలి. తిరిగి రిజిస్ట్రేషనుకి ఫారం 25. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిలుకి దాని ఫీజు 2025లో రెండు వేలు చేశారు. వెరసి, బండిని వదిలించుకోవాలంటే ముందు దాన్ని నాది చేసుకోవాలి. పది రోజులుగా నేను వ్యాకరణంలో తప్పించుకు తిరుగుతున్న కర్తని రవాణా శాఖవారు ఒక్క కాగితంతో పట్టి నిలబెట్టారు.

అమ్మకుండా ఆగితే ఇంకో దారి ఉంది. 2021లో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనుకి యాభై ఏళ్లు దాటి, రూపు మారని బండి వింటేజ్ అవుతుంది. నంబరులో వీఏ అని ప్రత్యేకం. ఫీజు ఇరవై వేలు. కానీ రోజూ రోడ్డెక్కకూడదు. అంటే 2034కి నా బండి పూజకి పనికొస్తుంది, ప్రయాణానికి పనికిరాదు. రాజస్థాన్‌లో పాలీ దగ్గర ఒక బుల్లెట్టుని నిజంగానే గుడిలో పెట్టి పూలదండలు వేస్తున్నారు. మా పంచకి అంత స్థాయి లేదు. పోనీ గుడి కాకపోతే ఒక నిలయమైనా కడదామా అంటే, శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలని ఒకచోటికి చేర్చారు. ఆయనా బడిపంతులే, నాకు ఆ చొరవ లేదు. పైగా కథకి చెదలు పడతాయేమో గాని నూనె కారదు.

ఫారం 31కి తోడు మిగతా వారసులకి అభ్యంతరం లేదన్న కాగితం కావాలన్నారు. అమ్మ సంతకం. అద్దాలు తెచ్చి ఇచ్చి, వేలు పెట్టి చోటు చూపించాను.

‘ఇది అమ్మడానికా, ఉంచుకోడానికా?’

‘రెండిటికీ ఇదే కాగితం అమ్మా.’

కాసేపు చూసింది. సంతకం పెట్టింది. పేరు పూర్తిగా రాయడానికి చాలాసేపు పట్టింది.

తనిఖీకి బండిని చూపించాలి, కాగితాల గడువు తీరిన బండిని రోడ్డు మీద నడపకూడదు. టాటా ఏస్ మాట్లాడి, ఇద్దరు పట్టి ఎక్కించారు. నలభై రెండేళ్లలో బుల్లెట్టు ఇంకొక బండి ఎక్కడం అదే మొదలు. శ్రీకాకుళం దాకా నేను వెనకే నిలబడి హ్యాండిలు పట్టుకున్నాను. తనిఖీ చేసిన కుర్ర అధికారి స్టార్టు చెయ్యమన్నాడు. ముల్లు చూశాను, లివరు పట్టాను, వదిలాను, తన్నాను. రెండో తన్నుకి లేచింది. పక్క వరసలో నిలబడ్డ నలుగురు ఫోనులు తీశారు.

తాత్పర్యం

బండి ఇప్పుడు నా పేరున ఉంది, 2031 దాకా చెల్లుతుంది. విశాఖపట్నం ఆయనకి నేనే ఫోను చేసి కాగితాలు వచ్చాయని చెప్పాను. ‘అయితే ఎప్పుడు రమ్మంటారు?’ అన్నాడు. ‘దసరా వెళ్లనివ్వండి’ అన్నాను. అబ్బాయికి ఈ సంగతి చెబితే ‘మీ ఇష్టం నాన్నా’ అన్నాడు. ఈసారి ఆ మాటకి వ్యాకరణం కుదిరింది.

మూలగ్రంథాన్ని హ్యాండిలు నుంచి విప్పేశాను. ఇంజను అడుగున గాస్కెట్ దగ్గర చుక్క చుక్కగా నూనె పడుతుంటే, గచ్చు పాడవకుండా మా ఆవిడ ఆ అట్టనే తీసి కింద పరిచింది. రాత పైకే ఉంది. మూడో పాదం అప్పుడే నల్లబడి చదవడానికి వీల్లేకుండా పోయింది. మొదటి పాదం ఇంకా పొడిగానే ఉంది.